సెలవు చీటీలో నాలుగో గడి

మనుషుల్లో నాకు బొత్తిగా పడని రకం ఒకటుంది. దొంగలు కారు, తిరిగిన ఊళ్లలో చవక లాడ్జీల పుణ్యమా అని దొంగలతో నాకు మంచి స్నేహాలే కుదిరాయి. బద్ధకస్తులు అంతకన్నా కారు. వాళ్ల పక్కన కూర్చుంటే ఆయుష్షు పెరిగినట్టుంటుంది. నాకు పడనిది "నేను లేకపోతే అక్కడ ఎలాగండీ" అనే రకం. ఈ రకంలో శిఖరం అనదగ్గవాడి ఇంట్లో, పైగదిలో, ఏడు నెలలు అద్దెకున్నాను. అతని సంగతి చెబుతాను. జాలిపడి చెప్పడం లేదని ముందే మనవి.

అతను పనిచేసే షెడ్డులో అందరూ అతన్ని హాజరయ్య అనేవారు. ఇరవై రెండేళ్లలో ఒక్క రోజు సెలవు పెట్టలేదు గనక ఆ పేరు. వాళ్లు వెక్కిరింతకు పెట్టారు. అతను బిరుదనుకున్నాడు.

నీటి సరఫరా ఆఫీసు వెనక రేకుల షెడ్డు అది. ఊళ్లో ఇళ్ల దగ్గర పాడైన నీళ్ల మీటర్లన్నీ అక్కడికి వస్తాయి. హాజరయ్య వాటి ఇత్తడి మూత విప్పి, లోపలి పళ్లచక్రాలు తీసి, సున్నం పట్టినవాటిని పుల్లటి మందునీళ్లలో నానబెట్టి, పళ్లు తోముకునే బ్రష్షుతో రుద్ది, మళ్లీ బిగిస్తాడు. తర్వాత మీటరు గుండా ఒక డ్రమ్ములోకి నీళ్లు వదిలి చూస్తాడు. డ్రమ్ము మీది గీత ఎంత చెబితే మీటరూ అంతే చెప్పాలి. చెబితే సీలు వేసి పచ్చ చీటీ కడతాడు. చెప్పకపోతే మళ్లీ విప్పుతాడు. మంచి పనే. చేతిపని ఏదైనా నాకు గౌరవమే. కానీ ఒక మీటరు పదిహేను రోజులు ఆలస్యమైతే ఏమవుతుంది? ఏమీ కాదు. మీటరు లేకపోయినా కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి.

సముద్రం మధ్య ఒక రాతిగుట్ట మీద, దీపస్తంభంలో, ఒకప్పుడు రెండు వారాలున్నాను. అక్కడి దీపం మనిషికి సెలవు వచ్చింది. పడవలో బదులు మనిషి దిగాడు. ఇతను తాళంచెవి అతని చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని, అదే పడవెక్కాడు. "మరి దీపం సంగతి?" అని నేను అరిచాను. "వాడున్నాడుగా" అని తిరిగైనా చూడకుండా అన్నాడు. ఓడల ప్రాణాలు చేతిలో పెట్టుకున్నవాడికి లేని బెంగ, సున్నం తోమేవాడికి ఎందుకు?

ఎందుకో చెబుతాను. షెడ్డు గోడకి ఏటా ఒక కాగితం అంటిస్తారు. ఎవరికి ఎన్ని సెలవులు మిగిలాయో అందులో ఉంటుంది. మిగతావాళ్ల పేర్ల పక్కన మూడు, అయిదు, సున్నా. ఇతని పక్కన రెండు వందల ఇరవై. రిటైరయ్యే రోజున ఆ అంకె గాలికి పోతుందని, దానికి బదులుగా ఎవరూ ఏమీ ఇవ్వరని అతనికీ తెలుసు. అయినా ఆ కాగితం అంటించిన రోజు ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, "ఈసారి ఎంతో చెప్పుకో" అని భార్యను అడిగేవాడట. ఆవిడ ప్రతిసారీ కావాలని తక్కువ చెప్పేదట.

ఆవిడ దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను. బడిపిల్లల యూనిఫారాలు, కిటికీ తెరలు, దిండు గలీబులు. మిషను ఎదురుగా కిటికీ, కిటికీ ఎదురుగా వీధి. వీధి అనడం మర్యాదకే. రెండు సైకిళ్లు ఎదురైతే ఒకరు దిగాలి. అవతల గోడౌను గోడ. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ చూపు సూదిమొన మీంచి లేస్తే ఆ గోడకి కొట్టుకుని తిరిగొచ్చేది. ఆ ఏడాది కళ్ల మంటలు మొదలయ్యాయి, దారం ఎక్కించడానికి నాలుగుసార్లు పొడవాల్సి వచ్చేది. కళ్ల డాక్టరు దీపం వేసి చూసి, "అమ్మా, మీ కళ్లు దూరం చూడటం మర్చిపోయాయి. కొన్నాళ్లు పని ఆపి దూరంగా చూడండి. లేకపోతే దగ్గరిది కూడా ఎన్నాళ్లో ఉండదు" అన్నాడట.

"ఎంత దూరం చూడమంటారు?" అని అడిగిందట ఆవిడ.

"మీకు దొరికినంత."

ఆ సాయంత్రం నాకు టీ పట్టుకుని పైకొచ్చింది. నా గదికి వెనకవైపు ఒకే కిటికీ. అందులోంచి ఇళ్ల కప్పులు, అవి దాటాక రైలు పట్టాలు, పట్టాల అవతల గుట్ట, గుట్ట మీద తీగలూడిన పాత స్తంభం. టీ చల్లారిపోయేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. "ఇది మా ఇంట్లోదే అని మర్చిపోయాను బాబాయిగారూ" అంది.

రెండు రోజుల తర్వాత రైలు టికెట్లు తెచ్చింది. ఇరవై ఆరు గంటల ప్రయాణం, ఎదురెదురుగా రెండు కిటికీ సీట్లు, చివర ఒక సరస్సు, సరస్సు ఒడ్డున వారం రోజులకు ఒక గది. ఊరి పేరు అడిగితే టికెట్టు చూసి చెప్పింది. ఊరు కాదు ఆవిడకు కావాల్సింది, దారి. తలుపుకి అట్టముక్క వేలాడదీసింది: "పద్దెనిమిదో తేదీ దాకా కుట్టను." అంతే. ఎందుకో రాయలేదు. రాయాలని తోచినట్టు కూడా లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మాటలు మెట్ల మీదికి వినిపించాయి.

"వచ్చే గురువారం పొద్దున ఏడున్నర బండి. మీకూ తీశాను."

"నన్నడక్కుండానా?"

"అడిగితే సోమవారం చెబుతాననేవారు. ఇరవై రెండేళ్ల సోమవారాలు చూశాను."

"అరలో నలభై మూడు మీటర్లున్నాయే."

"వాటికేమన్నా దాహమా?"

"అది కాదు. అక్కడ వాళ్లంతా పనిచేస్తుంటే నేను రైలు కిటికీలోంచి చెట్లు చూస్తూ కూచుంటే, తప్పు చేసినట్టుండదూ?"

"నా కళ్లు పోతే ఎట్లా ఉంటుందో అదీ చెప్పండి మరి."

కాసేపు గిన్నెల చప్పుడు. తర్వాత "సరేలే, పెడతా" అన్నాడు, పన్ను పీకించుకోవడానికి ఒప్పుకున్నట్టు.

మర్నాడు సెలవు చీటీ పట్టుకుని నా గదికొచ్చాడు. చీటీలో నాలుగు గడులు. పేరు, ఎప్పట్నుంచి, ఎన్నాళ్లు, కారణం. మొదటి మూడూ ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాడు. ఆ షెడ్డులో సెలవు సోమవారం నుంచే మొదలవ్వాలని నియమం, కాబట్టి సోమవారం నుంచి పది పనిదినాలు. నాలుగోది ఖాళీ.

"మా సూపర్‌వైజరమ్మ ఆ గడి వదిలెయ్యమంది. ఎవరూ చదవరంది. ఇన్నేళ్లకు అడిగారు, కారణం అడగడానికి నాకే సిగ్గుగా ఉంది అంది."

"అయితే వదిలెయ్యి."

"ఖాళీగా ఎట్లా వదుల్తానండీ?"

"ఊరికే అని రాయి."

అతను నాకు మతి చెడిందేమో అన్నట్టు చూశాడు.

"పోనీ, రైల్లో కూచుని దూరంగా చూడటానికి అని రాయి. నిజమేగా."

"నవ్వుతారు."

"నవ్వనీ."

"నేనూ మిగతావాళ్లలాంటివాణ్ణే అనుకుంటారండీ" అన్నాడు.

అదీ లోపలి సరుకు. దాన్నే అతను తప్పు చేసిన భావం అంటాడు, మనస్సాక్షి అంటాడు, ఇంకా ఏవేవో మంచి పేర్లు పెడతాడు. గీకి చూస్తే కింద ఉన్నది పొగరు. తను ఒక్కరోజు లేకపోతే నీళ్లు పైకి పారతాయని నమ్మకం. పుస్తకాల్లో మహారాజుల అహంకారాలు చాలా చదివాను. వాటికి కనీసం కోటలూ యుద్ధాలూ ఉండేవి. ఇతగాడికి ఒక బ్రష్షు.

మర్నాడు మెట్ల దగ్గర నన్ను ఆపి, గొంతు తగ్గించి చెప్పాడు. నాలుగో గడిలో "భార్యకు తీవ్ర అనారోగ్యం" అని రాసి ఇచ్చాడట.

"ఆవిడకు చెప్పావా?"

"ఎందుకండీ కంగారుపెట్టడం. కళ్ల జబ్బు జబ్బేగా. పూర్తి అబద్ధమేం కాదు."

ఇక్కడ షెడ్డులోని ఒక పద్ధతి గురించి చెప్పాలి. ఎవరైనా జబ్బుపడి ఇంట్లో ఉంటే, సాయంత్రం నాలుగున్నరకు పని దిగగానే ఇద్దరు చొప్పున వంతులవారీగా వాళ్లింటికి వెళ్లి చూసి రావాలి. పనిముట్ల అర పక్కన పలక మీద వంతులు రాసి ఉంటాయి. ఆ రాత ఎవరిదనుకున్నారు? హాజరయ్యదే. పద్దెనిమిదేళ్ల కిందట ఒక ఫిట్టరు జ్వరమని సెలవు పెట్టి సినిమాహాలు వరుసలో కనిపించాడు. అది ఇతని కంట పడింది. మర్నాడే పలక వేలాడింది. పైకి పరామర్శ, లోపల నిఘా. రోగి ఇంటికెళితే మిగతావాళ్లు రోగి ముఖం చూస్తారు, ఇతను గుమ్మంలో చెప్పులకు కొత్తగా దుమ్ము అంటిందేమో చూస్తాడు. అయితే మనుషులు చిత్రమైనవాళ్లు. ఏళ్లు గడిచేసరికి తక్కినవాళ్లు ఆ నిఘా సంగతి మర్చిపోయి దాన్ని నిజం పరామర్శ చేసేశారు. నారింజపళ్లు తేవడం, మందులు కొనిపెట్టడం, ఇంట్లో బల్బు పోతే మార్చడం. పనికిమాలిన విత్తనంలోంచి మంచి మొక్క మొలిచింది. వేసినవాడికి మాత్రం అది మొక్కగా ఎప్పుడూ కనిపించలేదు.

సోమవారం నాలుగు ముప్పావుకి ఆవిడ మిషను ముందు కూర్చుని చివరి యూనిఫారం చొక్కాలకు గుండీలు కుడుతోంది. హాజరయ్య కిటికీలోంచి చూసి తెల్లబోయాడు. సందు మొదట్లో షెడ్డు మేస్త్రీ, పక్కన స్టోరు ఆవిడ, చేతిలో పళ్ల సంచీ.

"లే, లే. పడుకో."

"ఏమైందండీ?"

"నీకు బాగాలేదు."

"నాకా?"

"తర్వాత చెబుతా. దుప్పటి కప్పుకో."

వేలికి ఇత్తడి తొడుగు, జుట్టులో దారం ముక్క, అలాగే మంచం ఎక్కించాడు. నేను మెట్ల మీంచి దిగుతూ అంతా చూశాను. మేస్త్రీ గుమ్మంలో అట్టముక్క చదివి తల పంకించాడు. "కుట్టడం కూడా మానేశారంటే ఎంత బాధలో ఉన్నారో" అన్నాడు.

"ఇదంతా ఎందుకు బాబూ, పలక మనవాళ్లకే కదా, ఇంట్లోవాళ్లకు కాదుగా" అని హాజరయ్య నీళ్లు నమిలాడు.

"భలేవారే. ఆ పద్ధతి పెట్టిందే మీరు. మా ఇళ్లకు ఇన్నేళ్లు తిరిగారు. మా వదినకు బాగాలేకపోతే ఇంట్లో కూచుంటామా? సూపర్‌వైజరమ్మ రోజూ ఇద్దర్ని వేసింది."

"రోజూనా?"

"పది రోజులూ."

స్టోరు ఆవిడ మంచం పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేసింది. "చల్లగానే ఉందే వదినా. లోపల జ్వరమేమో." పడుకున్నావిడ మొగుడి వంక ఒకసారి చూసి కళ్లు మూసుకుంది. అవి నిజంగానే మండుతున్నాయి.

వాళ్లు వెళ్లాక అడిగింది. అతను చెప్పాడు. ఆవిడ అరవలేదు. "ఇరవై రెండేళ్ల మీ పరువు. మూడు రోజులు మంచం మీద ఉంటే నా సొమ్మేం పోదు. గురువారం మాత్రం బండి ఎక్కాలి" అంది.

మంగళవారం మళ్లీ స్టోరు ఆవిడే వచ్చింది, వంతు కాకపోయినా. సగం కుట్టిన చొక్కాలు చూసి మొత్తం మూట కట్టేసుకుంది. "పిల్లల బడి మొదలవుతుందిగా. మా అక్కా నేనూ కూచుని కుట్టేస్తాం. మీరు బెంగపెట్టుకోకండి." ఆవిడ దుప్పటి కింద నుంచి వద్దు వద్దంటోంది. మూట గుమ్మం దాటాక గోడవైపు తిరిగి పడుకుంది. సిగ్గు పడాల్సినవాడు వంటింట్లో నారింజ ఒలుచుకుంటున్నాడు.

బుధవారం మేస్త్రీ కొత్త కబురు తెచ్చాడు. సూపర్‌వైజరమ్మ అన్నగారు డాక్టరు. రేపు పని దిగగానే ఆయన్ని వెంటబెట్టుకుని ఆవిడే స్వయంగా వస్తుంది.

తలుపు మూసుకోగానే హాజరయ్య అన్నాడు: "రేపెలా వెళతామే? డాక్టరొచ్చేసరికి ఇంటికి తాళం ఉంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ఈ టికెట్లు రద్దు చేసి వచ్చే ఏడు చూద్దాం."

ఆవిడ మంచం మీంచి లేచింది. దుప్పటి మడిచింది, నాలుగు మూలలూ కలిపి, దర్జీవాళ్లు మడిచినట్టు.

"మీరు రారా?"

"ఎట్లా వస్తానే?"

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే. అన్నం తినండి."

గురువారం పొద్దున ఆరున్నరకు ఆవిడ సంచీతో గుమ్మంలో ఉంది. బస్సు స్టాపు దాకా సంచీ నేను మోశాను. సందు మలుపులో అడిగాను, "ఒక్కదానివే భయం లేదా అమ్మా?"

"ముప్ఫై ఏళ్లు ఆ గోడతో ఒక్కదాన్నే కూచున్నాను బాబాయిగారూ. ఇది కిటికీ. నయం కదా."

"అతనికి చెప్పావా?"

"నిద్రపోతున్నారు. చీటీ రాద్దామనుకున్నా. కారణం ఏం రాయాలో తెలీక మానేశా." నవ్వింది. ఏడు నెలల్లో ఆవిడ నవ్వడం అదే చూడటం. "ఆయన టికెట్టు దిండు కింద పెట్టాను. ఏడున్నర దాకా పనికొస్తుంది."

ఏడున్నర దాటాక లేచాడో, అంతకు ముందే లేచి టికెట్టు చూసి మళ్లీ పడుకున్నాడో నాకు తెలీదు. నేను తిరిగొచ్చేసరికి ముందుగదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. మధ్యాహ్నానికి ఏదో తేల్చుకున్నాడు. సాయంత్రం సందులో అడుగులు వినిపించగానే గబగబా వెళ్లి ఆ మంచం మీద తనే పడుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. యాభై ఏళ్లవాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇలాంటివి టికెట్టు కొన్నా దొరకవు.

సూపర్‌వైజరమ్మ, డాక్టరు, మేస్త్రీ లోపలికొచ్చారు.

"అమ్మగారేరీ?" అంది ఆవిడ.

"తగ్గిపోయిందండీ. వాళ్ల అక్కగారింటికి పంపాను. నాకు అంటుకుంది."

"అంటుకుందా?" అన్నాడు మేస్త్రీ, జుట్టు గోక్కుంటూ. "వదినకేమిటో మాకింకా తెలీనే తెలీదు."

డాక్టరు నాడి చూశాడు, నాలుక చూశాడు, వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. వినడానికి వీలుగా పేషెంటును పక్కకు తిప్పి దిండు జరిపాడు. కింద టికెట్టు బయటపడింది. సూపర్‌వైజరమ్మ అది తీసి చదివింది. తేదీ, వేళ, కిటికీ సీటు. తిరిగి దిండు కింద పెట్టింది.

"ఆ గడి ఖాళీగా వదిలెయ్యమన్నాను కదండీ" అంది మెల్లగా.

హాజరయ్య గుడ్లప్పగించి పైకప్పు చూస్తున్నాడు.

"ఈయనకేం లేదు, కాస్త అలసట" అన్నాడు డాక్టరు, గొట్టం మెడలో వేసుకుంటూ.

సూపర్‌వైజరమ్మ మంచిది. నేనైతే ఆ టికెట్టు పైకి చదివి ఉండేవాణ్ణి. మంచం అంచున కూర్చుని, చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు అంది: "చూడండి. జరిగిందేదో జరిగింది. ఈ పది రోజులూ మీ సెలవులోంచే రాస్తాను. కారణం కొట్టేస్తాను. రేపు పొద్దున ఇంకో బండి ఉంటుంది, వెళ్లండి. ఎవరూ ఒక్క మాట అనరు. లేదూ, జబ్బు అంటారా, డాక్టరు చీటీ మీద జబ్బు సెలవు కింద రాస్తాను, మీ సెలవుల్లోంచి పోదు. కానీ అలా రాస్తే పద్ధతి ప్రకారం మనవాళ్లు రోజూ వచ్చి చూస్తారు, మీరు ఇంట్లో ఉండాలి. మీరే చెప్పండి. ఏం రాయను?"

ఇంత మర్యాదగా తెరిచిన తలుపు నా తిరుగుళ్లలో ఎక్కడా చూడలేదు. ఒక్క మాట అంటే చాలు, అతనూ ఒక మామూలు మనిషై బయటపడతాడు. మేస్త్రీ కూడా తల వంచుకుని, అనమన్నట్టు నిలబడ్డాడు.

హాజరయ్య పెదాలు కదిలాయి. లెక్క వేస్తున్నాడని నాకు తర్వాత అర్థమైంది.

"జబ్బు కిందే రాయండి" అన్నాడు. దుప్పటి సర్దుకుని, "అప్పుడు రెండు వందల ఇరవై అట్లాగే ఉంటుంది కదండీ?"

"ఉంటుంది" అంది ఆవిడ, లేస్తూ.

తర్వాతి రోజులన్నీ అతను ఆ మంచం మీదే గడిపాడు. రోజూ నాలుగు ముప్పావుకి ఇద్దరొచ్చేవారు. పళ్లు తేవడం మానేశారు. గుమ్మంలో నిలబడి చెప్పుల వంక చూసి వెళ్లిపోయేవారు. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ పలక అది పుట్టిన పనికి తిరిగొచ్చింది. అతనికి అది పట్టలేదు. పైగా నన్ను పిలిచి, "చూశారా, పెట్టిన పద్ధతి ఎంత కచ్చితంగా నడుస్తోందో" అన్నాడు. నేను ఎన్నో దేశాల్లో ఎన్నో రకాల మూర్ఖుల్ని భరించాను. ఆ మాటకి మాత్రం లేచి పైకి వెళ్లిపోయాను.

రెండో శనివారం అతని భార్య ఊరి నుంచి దిగింది. ముఖం ఎండకి కమిలి ఉంది, కళ్లల్లో ఎరుపు లేదు. సంచీ దించి నీళ్లు తాగింది. మంచం మీంచి అతను లేచి కూర్చున్నాడు. ఎలా ఉన్నావనలేదు, ఎందుకెళ్లావనీ అనలేదు.

"ఒక్కటీ పోలేదే. రెండు వందల ఇరవై అట్లాగే ఉంది."

"మంచిది. దాచుకోండి."

నా వంక తిరిగింది. "ఒకచోట పొలం మధ్యలో గుర్రం నిలబడి ఉంది బాబాయిగారూ. బండి వంపు తిరుగుతుంటే చాలాసేపు కనిపించింది. దానికేం పని లేదు. ఊరికే నిలబడింది." గ్లాసు కింద పెట్టింది. "మీరు గది ఎప్పుడు ఖాళీ చేస్తారు? తొందరేం లేదు. మిషను పైకి ఎక్కించాలి."

సోమవారం పొద్దున నా పెట్టె సర్దుకున్నాను. ఆ షెడ్డు మేస్త్రీ, స్టోరు ఆవిడ వచ్చి మిషను మెట్ల మీదుగా మోసి, వెనక కిటికీ ముందు దింపారు. కుట్టేసిన చొక్కాల మూట స్టోరు ఆవిడ బల్ల మీద పెట్టింది. ఇంటావిడ మూట విప్పకుండానే, "నాకు ఆ రోజు జ్వరం లేదు వదినా" అంది.

"తెలుసు. చెయ్యి వేశాగా" అంది స్టోరు ఆవిడ. "దారం ఎక్కించి చూడండి."

మొదటిసారికే ఎక్కింది.

నేను దిగేసరికి హాజరయ్య గుమ్మంలో బూట్లు తుడుచుకుంటున్నాడు. ఎనిమిదింటి పనికి ఏడుంపావుకే బయల్దేరాడు. అరలో ఎన్ని పేరుకుపోయాయో అన్నాడు. అతను లేనన్నాళ్లూ మేస్త్రీ బల్ల దగ్గర కూర్చుని అన్నీ తోమేశాడని, అర ఖాళీగా ఉందని నాకు తెలుసు. చెప్పలేదు.